ఎర్ర ఈనె

వర్జ్యం వెళ్ళేదాకా కూర్చోమన్నారు కనుక కూర్చున్నాను, చెరకుచేని గట్టు మీద, తడిచీరతో, చేతిలో వేపమండతో, పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పటికన్నా బుద్ధిగా. పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు. ఊళ్ళో సగం అప్పుడే కాలవగట్టు మీద ఉంది, మిగతా సగం వంట ముగించుకుని వస్తుంది. అమ్మవారికి కోపం వచ్చిందట. అందుకే కిందటేడు మా చెరకంతా లోపల్లోపల ఎర్రబడి కుళ్ళిపోయిందట. ఆ కోపం చల్లారడానికి నేను లేచి నిలబడి, అందరూ వినేలా, "నా మైల వల్లే తల్లీ, తప్పు నాది" అనాలట, ఒకసారి కాదు మూడుసార్లు, ఆవిడకి చెవుడేమో పాపం. అని, నా చేత్తో మొదటి ముచ్చె నాటాలట. అప్పుడు ఈ ఏడు చెరకు తెల్లగా పండుతుందట. అమ్మవారి కోపం సంగతి ఆసాది అప్పాజీ చూసుకుంటాడు, అదుగో, గడ్డిమంట వేసి డప్పు కాచుకుంటున్నాడు. నా కోపం సంగతి ఎవరూ అడగలేదు. నా పక్కన కాలికి తాడు కట్టిన కోడిపుంజు ఒకటి ఉంది, అదీ వర్జ్యం వెళ్ళడం కోసమే చూస్తోంది. దాని చేత మాత్రం తప్పు ఒప్పించరు. ఆ ఒక్క విషయంలో దాని బతుకే నయం.

ఎడమ పక్కన కిందటేటి చేలో విత్తనానికని వదిలిన చెరకు కాస్త నిలబడి ఉంది, కుడిపక్కన కొత్తగా దున్ని నీళ్ళు పెట్టిన బోదెలు ఫాల్గుణం ఎండకి మెరుస్తున్నాయి, నడుమ గట్టు మీద నేను, నా కాళ్ళ దగ్గర ముచ్చెల కుప్ప. నాటడానికి కళ్ళు చూసి నరికిన చెరకు ముక్కలు, ఆరిపోకుండా పైన చెరకాకు కప్పి నీళ్ళు చల్లారు, పసిపిల్లల్ని పడుకోబెట్టి దుప్పటి కప్పినట్టు. ఎవరి పిల్లలో చెప్పనక్కర్లేదు, చచ్చిన ఆ చేని పిల్లలే. మా మావగారు వెంకన్నగారు మా పెళ్ళి మాటల్లో మా నాన్నతో అన్నారు, "పిల్లనైతే పై ఊరినించి తెచ్చుకుంటాం గానండీ, ముచ్చె మాత్రం మా చేలోదే. ఆనకట్ట కట్టిన కాణ్ణించీ పైవాళ్ళ గెడ మా గట్టు తొక్కలేదండి" అని. మా నాన్న రాజమండ్రిలో కాలవల ఆఫీసు గుమాస్తా, చెరకుని నమలడమే గాని నాటడం ఎరగడు, చేతులు జోడించి నవ్వాడు. లావుపాటి గెడలన్నీ గానుగకి వెళ్తాయి, పీలవీ వంకరవీ గాలికి పడ్డవీ విత్తనానికి మిగుల్తాయి, మా ఇంటి పద్ధతి అది. పెళ్ళిసంబంధానికి వెళ్తే పిల్ల తల్లికి దగ్గుందా, మేనత్తకి ఉబ్బసముందా అని ఏడు తరాలు కూపీ లాగే మనిషి, ముచ్చెకి మాత్రం నీ తల్లి ఎలా చచ్చిందమ్మా అని అడగడు. అడిగితే వంశానికి పరువు తక్కువ. కిందటేడు పాకం ఎంతసేపు కాచినా అచ్చులో నిలబడలేదు, నల్లగా జారిపోయింది, తణుకు సంతలో షావుకారు మా బెల్లాన్ని వేలితో నొక్కి, ఆ వేలు పంచెకి తుడుచుకున్నాడట. చెరకు పోయినందుకు కాదు, ఆ తుడుచుకున్నందుకు మావగారు అన్నం మానేశారు. మగవాడికి సంతలో అవమానం జరిగితే ఇంట్లో ఆడదాని తప్పు ఒకటి దొరికి తీరుతుంది, వెతికితే ఉప్పుజాడీలోనైనా.

ముచ్చెల మీద కప్పిన ఆకొకటి లాగాను. ఎవరూ చూడటం లేదు, చూసినా వేపమండ సర్దుకుంటున్నాననుకుంటారు. మధ్య ఈనె మీద ఎర్రటి మచ్చ, నిలువుగా, వాతపెట్టినట్టు, మచ్చ నడుమ గడ్డి రంగు, అందులో ఆవగింజలో వందోవంతు నల్లచుక్కలు. ఈ మచ్చని నేను శ్రావణంలోనే చూశాను. ఊరందరికీ గెడ చీల్చాక కనబడిన ఎరుపు నాకు ఆకు మీద కనబడింది. పై నుంచి మూడో ఆకూ నాలుగో ఆకూ పసుపుబారడం, కొస నుంచి ఎండుకు రావడం, ఈనె ఎర్రబారడం, ఆ తర్వాత గెడ చీలిస్తే తెల్లటి అడ్డచారల మధ్య రక్తంలాంటి ఎరుపు, పులిసిన కల్లు వాసన. ఒక్కరోజున వచ్చిపడ్డది కాదు, మెల్లగా, ఒద్దికగా, గడపలోకి కొత్తకోడలు వచ్చినట్టు వచ్చింది. భూతద్దం ఉంటే బావుణ్ణు. దీనమ్మ పంతులమ్మ దగ్గర ఉండేది, ఇత్తడి కట్టు వేసిన భూతద్దం, రాజమండ్రి మిషను బళ్ళో మా ఆడపిల్లలందరికీ అదే గొప్ప వింత. బడి ఎగ్గొడదామనుకున్న నాడు కూడా భూతద్దం నాడైతే వెళ్ళేవాళ్ళం. ఒకసారి చద్దన్నం మూకుడు తెచ్చి, మీద పట్టిన బూజు చూపించింది. అబ్బ, అదొక అడవి, తెల్లటి కాడలూ, కాడల కొసన నల్లటి గింజలూ. మా పక్కన కూర్చున్న పిల్ల దిష్టి తగిలిన అన్నమేమోనంది. దీనమ్మగారు నవ్వి, "దిష్టి కాదే తల్లీ, బూజు కూడా ఓ మొక్కే. దానికీ ఆకలేస్తుంది, అదీ తింటుంది, అదీ పిల్లల్ని పెడుతుంది. నువ్వు తిట్టినా పోదు, దండం పెట్టినా పోదు, మూకుడు కడిగితే పోతుంది" అంది. తెల్లచీరకి నీలం అంచు, మెళ్ళో సన్నటి సిలువ, ఎప్పుడూ కాస్త జలుబు. మూకుడు కడిగితే పోతుంది. ఇంతే కదా. ఇంత చిన్నమాట ఈ ఊరికి చేరడానికి ఎన్ని కాలవలు దాటాలి. మేమేమో కడగని మూకుడులో మళ్ళీ అన్నం వండుతున్నాం, బూజు పట్టినందుకు వండినదాన్ని ఎండలో కూర్చోబెడుతున్నాం.

లోవలక్ష్మి వచ్చింది. మా పక్కింటి లోవలక్ష్మి, జరీ అంచు కట్టుకుని మరీ వచ్చింది, తీర్థానికి వచ్చినట్టు. ఈవిడే చూసింది. శ్రావణంలో నేను బయట చేరిన రెండోనాడు చేలో నిలబడి ఆకులు తిప్పి చూస్తుంటే చూసింది. అప్పుడేమీ అనలేదు, దాచుకుంది, పట్టుచీర దాచుకున్నట్టు దాచుకుని, మార్గశిరంలో చెరకు ఎర్రబడ్డాక తీసి కట్టుకుంది. "మీ రామతులసి ఆ రోజుల్లో చేలో తిరిగిందమ్మా సంపూర్ణమ్మత్తా, నా కళ్ళతో చూశాను, నేనెందుకు చెప్పాలని ఊరుకున్నాను" అందట మా అత్తగారితో. తిరిగాను, అబద్ధమేం లేదు. ఆ ఒక్కనాడేమిటి, కాపురానికొచ్చిన ఏడు నుంచీ తిరుగుతూనే ఉన్నాను. వంట, పాడి, పిండి, పిల్ల, ఏవీ లేని రోజులు నెలకి ఆ మూడే. పెరటి చివర మూడు రోజులూ మమ్మల్ని కూర్చోబెట్టే పాకకి వెనక గోడ లేదు, గోడ ఉండాల్సిన చోట చెరకుచేనే ఉంది. మధ్యాహ్నం పూట చేలో నడిస్తే పైన ఆకులు కలుసుకుని పచ్చటి చీకటిగా ఉంటుంది, గాలి వస్తే పక్కగదిలో ఎవరో కొత్తచీర మడతలు విప్పుతున్నట్టు ఉంటుంది, ఎవరూ పిలవరు, పిలిచినా ముట్టుకోరు. విరగపండిన ఏళ్ళలోనూ నడిచాను. మా బెల్లం గానుగ దగ్గరుండగానే బేరం కుదిరిపోయిన ఏడూ నడిచాను. ఆ ఏడు నన్నెవరూ గట్టు మీద కూర్చోబెట్టి, అంతా నీ మైల చలవే తల్లీ అని హారతి పట్టలేదు. అసలా పాక కప్పిందే చెరకాకుతో. మేం దాని కిందే పడుకుంటాం, మా మీదకి రాలుతుంది, మా జడల్లో చిక్కుకుంటుంది, దానికి అంటని మైల చేలో ఉన్న ఆకుకి అంటుతుందట. కూలికి వచ్చే ఆడవాళ్ళని ఏ రోజుల్లో ఉన్నావే అని ఎవరైనా అడిగారా, అడిగితే పని ఆగిపోదూ. మైల కూడా నాలుగెకరాలుంటేనే పడుతుంది కాబోలు.

జడలు. వానాకాలం గాలికి చెరకు పడిపోకుండా కింది ఆకుల్ని మెలితిప్పి, గెడకీ గెడకీ, దుబ్బుకీ దుబ్బుకీ కలిపి చుట్టిస్తారు, మా వైపు జడచుట్టు అంటారు, మా మావగారి చేలో చుట్టినంత బిగువుగా తాలూకాలో ఎవరి చేలోనూ ఉండదని పేరు. శ్రావణంలో ఆ జడల కోసం ఆకులు విరుస్తుంటేనే నేను చూశాను, ఎర్ర ఈనె ఉన్న ఆకుని తెచ్చి నిక్షేపంలా ఉన్న గెడ చుట్టూ చుడుతున్నారు, రోగిష్టి దుబ్బుని తెచ్చి ఆరోగ్యంగా ఉన్న దుబ్బుతో మెడలు కలిపి కడుతున్నారు, పైగా బిగువుగా. మశూచి పోసిన పిల్లని తెచ్చి పక్కింటి పిల్లతో ఒకే పక్కలో పడుకోబెట్టినట్టు. మా ఒక్కగానొక్క చిన్నమ్మాయి తల దువ్వుతూ పేను కనబడితే ఆ దువ్వెనని ఇంకో పిల్ల తలకి తగలనివ్వం కదా, ఆపాటి తెలివి చెరకు జడ దగ్గర ఏమైపోయింది. చిన్నమ్మాయి ఇప్పుడు అదుగో కాలవగట్టు మీద వాళ్ళ నాన్న వేలు పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది, పొద్దున్న జడ వేస్తుంటే, "అమ్మా, నువ్వు చెరకుని ఏం చేశావే" అని అడిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంకో నాలుగైదేళ్ళకి అదీ ఆ పాకలోకే వస్తుంది. నేనా మూడుమాటలూ అనేస్తే, ఆ పాకలో నా పక్కన కూర్చునేది చెరకుని చంపినదాని కూతురు.

చెప్పలేదా అంటే చెప్పాను. అదే నా ఒళ్ళు మండే సంగతి. ఈ ఇంట్లో కోడలు మావగారితో నేరుగా మాట్లాడదు, కాపురానికొచ్చిన నాటి నుంచీ నేను ఆయన ముఖం సరిగా చూసింది లేదు, తలుపు వెనక నిలబడి అత్తగారితో చెప్పాలి, ఆవిడ ఆయనతో చెప్పాలి, ఆయన జవాబు ఆవిడ నాకు చెప్పాలి, ఆయనకి వినబడుతూనే ఉంటుంది, అయినా ఆవిడ చెప్పేదాకా విననట్టే లెక్క. కాలవకి లాకులున్నట్టు మా ఇంటికి సంపూర్ణమ్మగారు. ఎంత నీరు వదలాలో ఆవిడ ఇష్టం. శ్రావణంలో ఆకు పట్టుకెళ్ళి తలుపు వెనక నిలబడి చెప్పాను, "అత్తయ్యగారూ, ఈనె ఎర్రబడ్డ దుబ్బులు పీకించి తగలబెట్టమనండి, ఈ చేలోంచి విత్తనం తియ్యద్దనండి, పై ఊరినుంచి ముచ్చె తెప్పించమనండి" అని, గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఏరి. ఆవిడ ఆకు చూసింది, నన్ను చూసింది, వసారాలోకి వెళ్ళి, "ఏవండీ, కోడలు మజ్జిగ కావాలా అని అడుగుతోంది" అంది. "కావాలి" అన్నారాయన. నేను మజ్జిగ చిలికి పంపాను. అల్లం కూడా వేశాను. పైవాళ్ళ ముచ్చె అన్నమాట ఆయన చెవిన పడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, నన్ను కాపాడాననుకుంది, నిజంగానే అనుకుంది, ఆ రాత్రి నాకు పాలమీగడ ఎక్కువ వేసింది. ఆవిడ మీద కోపం రావడం తేలిక, నిలుపుకోవడమే కష్టం. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో గేదెలు వరసగా చస్తే ఆవిడ్నీ ఇలాగే తడిచీరతో నిలబెట్టారు. ఆవిడ అనేసింది, తప్పు నాదని, మూడుసార్లూ. ఆ తర్వాత కూడా గేదెలు చచ్చాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆవిడ అన్నది మాత్రం ఊరందరికీ గుర్తుంది. ఇప్పటికీ ఎవరింట దూడ చచ్చినా ఆడవాళ్ళు ఓరగా ఆవిడ వైపు చూస్తారు. ఆవిడ ఏ పాడి ఉన్న ఇంటికీ పేరంటానికి వెళ్ళదు. మోకాళ్ళ నొప్పులంటుంది.

ఒక్క మాటే కదా అన్నాడు నిన్న సాయంత్రం చంద్రరావు. నా భర్త, మంచివాడు, మంచివాడనే పేరు నిలుపుకోవడానికి చాలా కష్టపడతాడు. "ఒక్క మాట అనేస్తే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం? నోరు అరుగుతుందా ఏంటి?" నోరు అరగదు. మాట కూడా అరగదు, అదే నా బాధ. కిందటి నెల నేనే ఒక గెడ చీల్చి ఆయన ముక్కు దగ్గర పెట్టాను, వాసన చూశాడు, మొహం ముడుచుకున్నాడు, "నిజమేనే" అన్నాడు, "కానీ నాన్నగారికి ఎవరు చెప్తారు?" అన్నాడు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నట్టు. ఇంట్లో చెరకు తెలిసిన మగవాళ్ళు ఇద్దరు, ఒకరు వినరు, ఒకరు చెప్పరు, మధ్యలో ఆడదాన్ని నేనొకదాన్ని దొరికాను కనుక అమ్మవారికి కూడా పని తేలికైంది. అనకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు, తల దించుకుని. "పుట్టింటికి పంపమంటారే. పిల్ల ఇక్కడే ఉంటుందంటారు." అంటారట. ఎవరో అంటారట. ఈయన అనడు. రాత్రంతా అటు తిరిగి పడుకుని ఇటు తిరిగి పడుకుని, తెల్లారగట్ల నాకు ఒకటే అనిపించింది, నేను అన్నా ఈ ముచ్చెలే నాటుతారు, అనకపోయినా ఈ ముచ్చెలే నాటుతారు. వచ్చే శ్రావణానికి మళ్ళీ ఈనె ఎర్రబడుతుంది. అప్పుడు ఎవర్ని కూర్చోబెడతారు? నేను ఒప్పేసుకున్నాను కనుక నన్నే. ఏటేటా. పంచాంగంలో రాసేస్తారేమో, ఫాల్గుణ శుద్ధంలో రామతులసి తప్పు.

డప్పు మీద దెబ్బ పడింది. కోడిపుంజు ఎగిరింది, తాడు లాగింది, మళ్ళీ కూర్చుంది. అప్పాజీ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసి, "వర్జ్యం ఎల్లిపోయిందండీ. లేవండమ్మగోరూ, లేచి అమ్మోరి దిక్కు తిరగండి" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, అతనికి రేపు ఇంకో ఊరు, ఇంకో గట్టు. లేచాను. చీర సగం ఆరి సగం తడిగా బరువుగా ఉంది. కొంగు తలమీంచి కిందికి లాక్కున్నాను, ఆచారం ప్రకారం. కొంగు సందులోంచి కనబడేవి కాళ్ళే, అప్పాజీ గజ్జెల కాళ్ళు, లోవలక్ష్మి మెట్టెల కాళ్ళు, పసుపు పళ్ళెం పట్టుకున్న అత్తగారి పగిలిన మడమలు, ఆ పక్కన రెండు బారల దూరంలో మావగారి కిర్రుచెప్పులు. "అనండమ్మా. నా మైల వల్లే తల్లీ..." అన్నాడు అప్పాజీ, పిల్లలకి పాఠం అందిస్తున్నట్టు మెత్తగా. కాలవ మీద గాలి ఆగింది. "నోరు పెగల్దేం, అప్పుడు కాళ్ళు పెగిలాయిగా" అంది లోవలక్ష్మి, ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మా అంది చిన్నమ్మాయి గొంతు, చాలా దూరం నుంచి.

వంగాను. మొదటి ముచ్చె నాటడానికి వంగాననుకున్నారు, డప్పు జోరందుకుంది. ముచ్చె తీసుకున్నాను, పక్కనే ఉన్న ముచ్చెలు నరికే కత్తి కూడా తీసుకున్నాను, మా అమ్మ కొబ్బరికాయ కొట్టేటప్పుడు చూసుకునేట్టు కన్ను చూసుకుని, నిలువునా చీల్చాను. రెండు బద్దలూ రెండు చేతుల్లో తెరుచుకున్నాయి. ఎరుపు. తెల్లటి అడ్డచారలు. కల్లు వాసన నాకన్నా ముందు అప్పాజీకి తగిలినట్టుంది, డప్పు ఆగింది. ఇంకోటి తీశాను. ఎరుపు. ఇంకోటి. ఇది తెలుపు, దాన్ని వేరే పక్కన పెట్టాను, పాపం దానికేం తెలుసు. ఇంకోటి, ఎరుపు. కొంగు సందులో కిర్రుచెప్పులు ఒక అడుగు ముందుకు వచ్చి ఆగాయి. ఇప్పుడు నేరుగా అడగచ్చు, ఎదురుగానే ఉన్నారు, అడిగితే కోడలు గడప దాటిందన్న మాట ఒకటే మిగుల్తుంది, ముచ్చె సంగతి కాలవలో కలిసిపోతుంది. లేదు. పద్ధతి తప్పను. ఈ ఇంటి పద్ధతులన్నీ పాటిస్తాను. అత్తగారి వైపు తిరిగాను, ఆవిడ ముఖం కనబడేంత కొంగు ఎత్తి, తలుపు లేదు కనుక ముచ్చెబద్దనే తలుపులా అడ్డం పెట్టుకుని, ఊరంతా వినేంత నెమ్మదిగా అన్నాను, "అత్తయ్యగారూ, మావయ్యగారినోసారి అడిగి చెప్పండి. ఈ ముచ్చె ఏ రోజున బయట చేరిందట?"

ఆయనకి వినబడింది. అందరికీ వినబడింది. కానీ ఆవిడ చెప్పేదాకా విననట్టే లెక్క కనుక ఊరంతా సంపూర్ణమ్మగారి వైపు చూసింది, కాలవగట్టు మీదున్న చంద్రరావు కూడా. మజ్జిగే అంటుందనుకున్నాను. ఈ ఎండలో మజ్జిగ అంటే నప్పుతుంది కూడా. పసుపు పళ్ళెం కింద పెట్టింది. నా చేతిలోంచి బద్ద తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు వాసన చూసింది, చచ్చిన గేదెలన్నీ ఒక్కొక్కటే ఆవిడ ముందు నుంచి నడిచి వెళ్తున్నట్టు. తర్వాత పగిలిన మడమలు నెమ్మదిగా కిర్రుచెప్పుల వైపు తిరిగాయి.

"ఏవండీ," అంది, "కోడలు అడుగుతోంది. ఈ ముచ్చె ఏ రోజున బయట చేరిందని."

మజ్జిగ ఊసెత్తలేదు.